తొమ్మిదో నంబరు మాత్ర

"గుండెపోటు," అన్నాడు రిఫత్ గోహర్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "చల్లటి గదిలో కూర్చుని, చేతిలో టీ గ్లాసుతో హాయిగా పోయాడు. అలాంటి చావు ఇమ్మని మా అమ్మ రోజూ దేవుణ్ణి అడుగుతుంది. దీనికి హత్యల విభాగం నించి మేజరుగారు దిగిరావాలా?"

మేజర్ సబ్రీ నఖ్లా ఏసీ గదిలో, గాబిర్ తుహామీ ప్రాణం పోయిందంటున్న బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. లావాటి మనిషి. వంగితే ఆయాసం. అయినా వంగే చూస్తున్నాడు. బల్ల చివర పుదీనా రెమ్మ వేసిన టీ గ్లాసు అంచుదాకా నిండుగా ఉంది.

"గుండె ఆగిపోతున్న మనిషి, చుక్క ఒలక్కుండా గ్లాసును పక్కన పెట్టి మరీ పోయాడా సార్?"

గోహర్ నవ్వాడు. "నువ్వింకా మారలేదురా సబ్రీ. షుబ్రా స్టేషన్లో నా కింద పనిచేసినప్పుడూ ఇంతే. పెద్ద దొంగను వదిలేసి వాడి చొక్కా గుండీలు లెక్కపెట్టేవాడివి."

ఇప్పుడు గోహర్ పోలీసు కాదు. పోలీసు కల్నల్‌గా రిటైరయ్యాక ఈ గాజు కర్మాగారంలో భద్రతాధికారిగా చేరాడు. మనిషి మాత్రం ఇంకా కల్నల్‌లాగే నిలబడతాడు, కల్నల్‌లాగే పిలుస్తాడు. ఆ గొంతు వినగానే సబ్రీ వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గది బయట కొలిమి హోరు. ఆగస్టు మధ్యాహ్నం. ఏసీ గది అద్దం మీద చెయ్యి పెడితే కాలుతోంది. గాబిర్ కొలిమి ఇటుకలు మరమ్మతు చేసే తాపీ పనివాడు. పొద్దున ఆరింటి షిఫ్టుకి వచ్చాడు. తొమ్మిదిన్నరకి గోహరే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. శవం ఇప్పుడు మార్చురీలో ఉంది. గాబిర్‌తో జంటగా పనిచేసే మెత్వల్లీ అప్పట్నించీ కనబడటం లేదు.

"మెత్వల్లీ సంగతేంటి?" అడిగాడు సబ్రీ లేచి నిలబడుతూ.

"అదే చెప్పబోతున్నా. ఇద్దరూ పొద్దున్నే కీచులాడుకున్నారు. మెత్వల్లీ చెయ్యి చేసుకున్నాడు. ఆ ఆవేశానికి వీడి గుండె ఆగింది. వాడు హడలిపోయి పారిపోయాడు. గేటు దగ్గర మావాడు చూశాడు. నువ్వు చెయ్యాల్సిందల్లా వాడి ఫొటో అన్ని స్టేషన్లకీ పంపడం."

"ఇందాక హాయిగా పోయాడన్నారు."

"ముందు గొడవ పడ్డాడు. తర్వాత హాయిగా పోయాడు. నీకేమన్నా ఇబ్బందా?"

తలుపు తెరుచుకుంది. వేడి ఒక్క తోపు తోసినట్టు లోపలికొచ్చింది. దాంతోపాటు సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకావిడ వచ్చింది. నడుముకి చిన్న రేడియో లాంటి పెట్టె, భుజానికి సంచీ. ఆవిణ్ణి చూడగానే గోహర్ మొహం చిట్లించాడు.

"డాక్టరమ్మ వచ్చింది. ఇక మన చెమట కూడా కొలుస్తుంది."

డాక్టర్ రగ్దా కార్మిక ఆరోగ్య విభాగం మనిషి. రెండు వారాలుగా ఈ కర్మాగారంలోనే ఉంటోంది. వేడిలో పనిచేసేవాళ్ల ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటోందో కొలవడం ఆవిడ పని. ఆవిడ గోహర్ వైపు చూడకుండా సబ్రీతోనే మాట్లాడింది.

"నేను మార్చురీ నించి వస్తున్నాను మేజర్‌గారూ. షిఫ్టుకి ముందూ తర్వాతా అందర్నీ కాటా ఎక్కిస్తాను. ఇవాళ పొద్దున గాబిర్ డెబ్బై ఎనిమిది కిలోలు. మార్చురీలో తూయిస్తే డెబ్బై నాలుగు."

"మార్చురీ కాటా పాడైపోయుంటుంది," అన్నాడు గోహర్.

"అందుకే దానిమీద నేను కూడా ఎక్కాను. నా బరువు సరిగ్గానే చూపించింది, అబద్ధం చెబితే బావుండేది గానీ."

సబ్రీకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "నాలుగు కిలోలు ఎక్కడికి పోయాయి?"

"చెమటగా పోయాయి. మూడు గంటల్లో నాలుగు కిలోల చెమట. చుక్క నీళ్లు లోపలికి పోలేదు. ఈ గదిలో ఆర్నెల్లు కూర్చోబెట్టినా అంత చెమట పట్టదు. ఆయన ఎక్కడో భయంకరమైన వేడిలో ఉండిపోయాడు. బయటికి రావాలని అనిపించకుండా ఎవరూ అక్కడ అంతసేపు ఉండరు. రాలేక ఉండిపోయాడు."

సబ్రీ టీ గ్లాసు వైపు మరోసారి చూశాడు. "అయితే శవాన్ని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. పక్కన టీ కూడా పెట్టారు."

"చూడు సబ్రీ," అన్నాడు గోహర్. గొంతులో నవ్వు పోయింది. "ఇది సంతలో దుకాణం కాదు. ఎవరి ఫ్యాక్టరీలో నిలబడి మాట్లాడుతున్నావో గుర్తుంచుకో."

"గుర్తుంది సార్. అందుకే కూర్చోలేదు."

* * *

తాపీ పనివాళ్ల మేస్త్రీ పేరు బయ్యూమీ. అందరూ ఉస్తా అంటారు. యాభై దాటిన మనిషి. సెగ తగిలీ తగిలీ మొహం ఒక పక్క రెండో పక్క కన్నా నల్లగా ఉంది. షెడ్డు మూల నమాజు చాపల దగ్గర దొరికాడు. సబ్రీని చూడగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మెత్వల్లీ ఎక్కడున్నాడు ఉస్తా?"

"ఇంటికెళ్లాడు బాషా," అన్నాడు, దొరగారూ అన్నంత వినయంగా. "అలాగని చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

బయ్యూమీ కళ్లు ఏసీ గది వైపు పోయి తిరిగొచ్చాయి. "అందరూ అనుకుంటున్నారు బాషా."

"వాడి లాకరు చూశాను. బట్టల్లేవు, సంచీ లేదు. శుభ్రంగా ఊడ్చినట్టుంది. మరి ఇవెవరివి?"

చాపల పక్కన వరసగా విడిచిన చెప్పుల్లోంచి ఒక జతను సబ్రీ బూటు కొసతో ముందుకు లాగాడు. పాత తోలు చెప్పులు. ఒకదాని పట్టీ తెగితే రాగి తీగతో కుట్టారు.

బయ్యూమీ చెప్పుల మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

"ఇవి చూస్తే ఇక్కడ ఎవరైనా చెబుతారు. ఇందాకే ఇద్దరు చెప్పారు కూడా. వాడు పని బూట్లు తొడుక్కుని కిందికి దిగాడట. లాకరు ఖాళీ చేసినవాళ్లకి చెప్పులు లాకర్లో ఉండవని తట్టలేదు. వాళ్లు నమాజుకి వచ్చే రకం కాదు కాబోలు. బట్టలూ సంచీ సర్దుకున్నవాడు చెప్పులొదిలేసి, పని బూట్లతోనే ఇంటికి పరిగెత్తాడంటావా ఉస్తా?"

"నాకు నలుగురు పిల్లలు బాషా."

"వాడికి?"

"వాడికి ముగ్గురు. కానీ వాడు బయటికి వచ్చేశాడు బాషా! అవతలి వైపు దారి నించి వచ్చేశాడని... ఆయన నాతో ఒట్టేసి చెప్పాడు. లేకపోతే నేను..."

"ఉస్తా!" గోహర్ పిలుపు షెడ్డు అవతల్నించి కొరడాలా వినిపించింది. "నీకు పైన పని లేదూ?"

బయ్యూమీ తలొంచుకుని వెళ్లిపోయాడు. అది దేనికి అవతలి వైపో, వాడు ఎక్కడ్నించి బయటికొచ్చాడో చెప్పకుండానే. కానీ సబ్రీ అతని మాటల్లో ఒకటి పట్టుకున్నాడు. అవతలి వైపు దారి. అంటే ఇవతలి వైపు ఒకటి ఉంది.

"కొలిమి కింద ఏముంది?" అని రగ్దాని అడిగాడు.

"పొగ సొరంగం. రెండు పక్కలా ఒక్కోటి ఉంది, మంట పక్క మార్చినప్పుడల్లా పొగ కూడా పక్క మారుతుంది. ఒక పక్కది ఈ మధ్య కూలిపోయింది. కొలిమి ఆపి, చల్లార్చి బాగుచెయ్యాలి. ఆపితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమే పనికిరాకుండా పోతుందని యజమానుల గోల. ఇంకో పక్కదాన్ని నడిపిస్తూ దీన్ని వేడి మీదే బాగుచేద్దామని చూస్తున్నారు. నేను ఒప్పుకోలేదు. రోజూ దాని తలుపు దగ్గర నా మీటరు పెడతాను. అంకె హద్దులోపల ఉంటేనే మనిషి దిగాలి."

"ఇవాళ పొద్దున?"

రగ్దా పెదవి కొరుక్కుంది. "హద్దు లోపలే చూపించింది. నేనే చూశాను. నాకే నమ్మబుద్ధి కాలేదు."

* * *

సొరంగం తలుపు కొలిమి వెనక, ఆరు మెట్లు దిగాక ఉంది. మందపాటి ఇనుప రేకు, బయట పెద్ద గడియ. పక్కనే ముక్కాలి మీద రగ్దా మీటరు. ఒక ఉత్త ఉష్ణమాపకం, ఒక నల్ల గోళం, తడి గుడ్డ తొడుగు వేసిన మరో ఉష్ణమాపకం.

"ఉత్తది గాలి వేడి చెబుతుంది," అంది రగ్దా. "గోళం గోడల్లోంచి కొట్టే సెగ చెబుతుంది. తడి గుడ్డది, ఒంటి మీద చెమట ఆరుతుందా లేదా చెబుతుంది. మనిషి బతుకు ఎక్కువగా దీని మీదే ఆధారపడుతుంది. మూడూ కలిసి ఒక్క అంకె. అది ముప్ఫైమూడు దాటితే ఎవరూ దిగకూడదు. పొద్దున ఇరవై తొమ్మిది చూపించింది."

సబ్రీ వంగి గుడ్డ దగ్గర ముక్కు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"డాక్టరమ్మా, ఇందులో ఏం పోస్తారు?"

"శుద్ధి చేసిన నీళ్లు."

"మీ నీళ్లు మంగలిషాపు వాసనొస్తున్నాయి."

రగ్దా గబుక్కున వంగింది. వాసన చూసి మొహం పాలిపోయింది. నిమ్మ వాసన. గడ్డం గీశాక రాసే కొలోన్.

"స్పిరిట్టు," అంది మెల్లగా. "నీళ్లకన్నా తొందరగా ఆరుతుంది. ఆరేకొద్దీ గుడ్డ చల్లబడుతుంది. అంకె పడిపోతుంది. లోపల మనిషి ఉడికిపోతున్నా ఇది చల్లగానే ఉందంటుంది." గుడ్డ వైపే చూస్తూ, "ఈ కిటుకు నేనే చెప్పాను. పోయిన వారం టీ తాగుతూ గోహర్‌గారు అడిగారు. ఈ గుడ్డలో మామూలు నీళ్లే ఎందుకు పోయాలి, వేరేదేదైనా పోస్తే ఏమవుతుంది అని. ఎంత శ్రద్ధో అనుకుని మురిసిపోయాను."

"శ్రద్ధే," అన్నాడు మెట్ల మీంచి గోహర్. ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ గమనించలేదు. "కానీ కొలోన్ కొట్టే మీసాలు ఈ ఫ్యాక్టరీలో మూడొందలున్నాయి. ఆ తలుపు తియ్యాలంటే ప్రాసిక్యూటర్ కాగితం ఉందా?"

"చావు జరిగిన చోటు చూడటానికి కాగితం అక్కర్లేదని నాకు నేర్పింది మీరే సార్."

గోహర్ మెట్ల పైకి ఒకసారి చూశాడు. సబ్రీ వెంట వచ్చిన సార్జెంటు గేటు దగ్గర కాపలావాణ్ణి ప్రశ్నిస్తున్నాడు. ఇక్కడ ఇంకెవరూ లేరు. గోహర్ పక్కకి జరిగి చెయ్యి చాపాడు, విందుకి ఆహ్వానిస్తున్నట్టు.

"వెళ్లు నాయనా. నీ బీపీకి పావుగంట కూడా ఉండలేవు. చూసుకుని వచ్చెయ్. పైన ఫూల్ గింజల కూర, వేడి రొట్టెలు తెప్పిస్తాను."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని సబ్రీకి అప్పుడే అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ తలుపు తెరుచుకునేసరికి లోపల్నించి కొట్టిన సెగ మిగతా ఆలోచనలన్నింటినీ ఎగరగొట్టేసింది.

సొరంగం నిలబడితే తల తగిలేంత ఎత్తు. రెండు వైపులా ఇటుక గోడ, కింద బూడిద. రగ్దా టార్చి వేసింది. మీటరుకి గుడ్డ మార్చి, తన సీసాలోని నీళ్లు పోసి పట్టుకొచ్చింది. పది అడుగులు వేసేసరికి సబ్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇరవై అడుగులకి చెవుల్లో తన గుండె తనకే వినిపించడం మొదలైంది.

"గాలి యాభై నాలుగు," అంది రగ్దా. "మొత్తం అంకె నలభై ఒకటి. ఇది... ఇక్కడికి ఎవర్నీ దింపకూడదు. ఎవర్నీ."

వెనక పెద్ద చప్పుడైంది. తలుపు నించి వచ్చే వెలుగు పోయింది. ఆ తర్వాత గడియ జారిన చప్పుడు, నింపాదిగా.

సబ్రీ వెనక్కి పరిగెత్తాడు. తలుపుని భుజంతో గుద్దాడు. కాలిన ఇనుము తగిలి చర్మం చురుక్కుమంది.

"గోహర్ సార్! తలుపు!"

పైన కొలిమి హోరు తప్ప ఏమీ లేదు. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. తుపాకీ ఉంది. ఈ రేకు మీద పేలిస్తే గుండు తిరిగొచ్చి తమకే తగులుతుంది.

"గుద్దకండి," అంది రగ్దా. "కదిలేకొద్దీ ఒంట్లో వేడి పుడుతుంది. కూర్చోండి. గోడకి ఆనకండి."

"ఎంతసేపు ఉంది మనకి?"

"మీరు లావుగా ఉన్నారు, బీపీ ఉంది. ఇరవై నిమిషాల తర్వాత మీరు చెప్పేది నేను నమ్మకూడదు. చెమట పట్టడం ఆగిపోతే వెంటనే చెప్పండి. అప్పుడు మీకు హాయిగా, చల్లగా ఉన్నట్టు అనిపించొచ్చు. అదే అన్నిటికన్నా ప్రమాదం."

"ఓదార్చడం మీకు బాగా వచ్చు."

"అది నా ఉద్యోగంలో లేదు." చీకట్లో ఆవిడ గొంతు పొడిబారింది. "రెండు వారాలు వీళ్ల వేడి కొలిచాను మేజర్‌గారూ. ఇది ఎలా ఉంటుందో మాత్రం ఇవాళే తెలిసింది."

సబ్రీ నోరు తెరిస్తే నాలుక ఎండిపోతోంది. మూసుకుంటే ముక్కు మండుతోంది. వేడి బయట ఉన్నట్టు లేదు. తన చర్మం లోపలికి దూరి తలుపేసుకున్నట్టుంది. పారిపోదామన్నా తన ఒంట్లోంచి తను ఎక్కడికి పారిపోగలడు? గాబిర్ ఇక్కడే కూర్చునుంటాడు. ఇదే రేకు మీద కొట్టి ఉంటాడు. ఆ ఆలోచన రాగానే గుండె మరీ దడదడలాడింది. కళ్లు మూసుకుని, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న ప్రార్థన అందుకున్నాడు. సగంలో మాటలు మర్చిపోయాడు.

అప్పుడే ఎక్కడో 'కిచ్' మన్నది.

"ఏంటది? ఎలకా?"

"కాదు," అంది రగ్దా. నడుముకున్న పెట్టె తీసి టార్చి కింద పట్టుకుంది. "ఇది... ఆగండి. వాళ్లకి రోజూ షిఫ్టుకి ముందు ఒక మాత్ర ఇస్తాను, మింగడానికి. దాంట్లో చిన్న రేడియో ఉంటుంది. కడుపులోంచి ఒంటి లోపలి వేడి చెబుతుంది. దగ్గర్లో ఉంటేనే ఈ పెట్టెకి అందుతుంది, అదీ ఉండుండి."

"ఎవరి మాత్ర?"

"తొమ్మిదో నంబరు." ఆవిడ పెట్టెని ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. "తొమ్మిది మెత్వల్లీ."

సబ్రీ లేచాడు. ఒక క్షణం సొరంగం గిర్రున తిరిగింది. గోడ పట్టుకోబోయి, కాలుతుందని గుర్తొచ్చి, గాల్లోనే నిలదొక్కుకున్నాడు.

"శవమా?"

"ముప్ఫై తొమ్మిదీ పాయింట్ ఎనిమిది," అని చదివింది రగ్దా. మరోసారి చదివింది. ఉన్నట్టుండి గొంతు మారిపోయింది. "బతికున్నాడు! ఇక్కడ గాలి యాభై నాలుగు. చచ్చిపోయుంటే ఈపాటికి ఒళ్లు కూడా ఈ రాళ్లంత వేడెక్కాలి. చుట్టూ ఉన్న దానికన్నా చల్లగా ఉందంటే ఆ ఒళ్లు ఇంకా పోట్లాడుతోంది!"

పెట్టె చూపించిన వైపు ఇద్దరూ వంగి నడిచారు. సొరంగం మలుపు తిరిగిన చోట పైకప్పులోంచి దిగిన మందపాటి ఇనుప పలక దారిని మూసేసింది. దాన్ని ఎత్తి దించే గొలుసు ఇవతలే వేలాడుతోంది. కాదు, వేలాడటం లేదు. సబ్రీ టార్చి దానిమీద ఆపాడు. గొలుసు గోడ కొక్కేనికి మూడు చుట్లు చుట్టి ఉంది.

"పలక దానంతటది పడితే గొలుసు వదులుగా ఉండాలి," అన్నాడు. "దించి, లోపల్నించి ఎత్తడానికి వీల్లేకుండా చుట్టారు. చుట్టినవాడు ఇక్కడే, నేను నిలబడ్డ చోటే నిలబడ్డాడు."

కోటు విప్పి చేతులకి చుట్టుకుని, కొక్కేనికున్న చుట్లు విడదీశాడు. కదలొద్దని రగ్దా అనలేదు. తన తలగుడ్డ తీసి చేతులకి చుట్టుకుని ఆవిడ కూడా గొలుసు పట్టుకుంది. కోటు కాలుతున్న వాసన వచ్చింది. ఒక లాగు. పలక కదల్లేదు. రెండో లాగుకి కిర్రుమంది. మూడో లాగుకి అడుగున జానెడు సందు తెరుచుకుంది. నాలుగో లాగుకి సబ్రీ కళ్ల ముందు నల్లటి చుక్కలు ఎగిరాయి. అయినా వదల్లేదు.

ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి జారింది.

మెత్వల్లీ బోర్లా పడి ఉన్నాడు. మొహం గోడ అడుగున పగిలిన గాలి గొట్టానికి ఆనించి ఉంది. కొలిమిని చల్లబరిచే పంకా గాలి అందులోంచి సన్నగా వస్తోంది. ఆ ఊపిరే ఇన్ని గంటలు అతన్ని నిలబెట్టింది. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు.

సందు మనిషి పట్టేంత చేసి, గొలుసుని మళ్లీ కొక్కేనికి తగిలించి, ఇద్దరూ అతన్ని ఈడ్చుకుంటూ తలుపు దాకా తెచ్చారు. మీటరు అక్కడే పడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. సబ్రీ తుపాకీ పిడితో రేకు మీద కొట్టాడు. గోహర్ని పిలవలేదు ఈసారి.

"ఉస్తా! బయ్యూమీ ఉస్తా! మెత్వల్లీ ఇక్కడే ఉన్నాడు! నీకు ఒట్టేసినవాడు అబద్ధం చెప్పాడు! బతికే ఉన్నాడు, విన్నావా? బతికే ఉన్నాడు!"

కొట్టాడు. అరిచాడు. అరుస్తుంటే గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి ఒంటి మీద చల్లగా అనిపించింది. బాగుంది. కూర్చుంటే బాగుండు. రగ్దా ఏదో అంటోంది. చెంప మీద చాచి కొట్టింది.

"నిద్రపోకండి! చెమట పడుతోందా? చెప్పండి!"

గడియ లాగిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఎర్రటి కొలిమి వెలుగులో బయ్యూమీ మొహం. అతని వెనకాల మెట్ల మీద గోహర్ మనుషులిద్దరు. ఆపాలా వద్దా తేల్చుకోలేక నిలబడిపోయారు. బయ్యూమీ వాళ్లని చూడనేలేదు. మెత్వల్లీ చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. ఏడుస్తూనే ఉన్నాడు.

"కొలోన్ నేనే పోశాను బాషా. పోయమన్నాడు, పోశాను. ఒక్క పూట పనే అన్నాడు. గాబిర్ పడిపోతే వీడు తలుపు దగ్గరికొచ్చి అరిచాడు, అందరికీ చెబుతానని. ఆయన నన్ను పైకి పొమ్మన్నాడు, తను చూసుకుంటానన్నాడు. అల్లా సాక్షిగా వీడు లోపలున్నాడని నాకు తెలీదు!"

* * *

ఏసీ గదిలో రగ్దా మెత్వల్లీ బట్టలు కత్తిరించేసి, బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తోంది. కార్మికులు ఒకరి చేతినించి ఒకరు మంచుగడ్డలు అందిస్తున్నారు. సబ్రీ నేల మీద కూర్చుని, ఉప్పు పంచదార కలిపిన నీళ్లు తాగుతున్నాడు. గ్లాసు పళ్లకి తగిలి టకటకలాడుతోంది. సార్జెంటు తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. గోహర్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

"గాలికి తలుపు పడింది," అన్నాడు. "గడియ వదులుగా ఉంటుంది. ఎన్నోసార్లు చెప్పాను మార్చమని."

"సొరంగంలో గాలి లేదు," అన్నాడు సబ్రీ. "గొలుసు కూడా గాలికే మూడు చుట్లు చుట్టుకుందా?"

"నువ్వు సొమ్మసిల్లిన మనిషివి. ఏం చూశావో నీకే తెలీదు. డాక్టరమ్మే చెప్పింది కదా, ఆ వేడిలో మనిషి మాట నమ్మకూడదని."

సబ్రీ గ్లాసు కింద పెట్టాడు. ఆ మాట రగ్దా చెప్పింది తలుపు మూసుకున్నాక. చీకట్లో. తమ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ వినబడే వీలు లేదు, తలుపుకి చెవి ఆనించి నిలబడ్డవాడికి తప్ప.

"వింటూ కూర్చున్నావా రిఫత్?" అన్నాడు నెమ్మదిగా. జీవితంలో మొదటిసారి అతన్ని ఏకవచనంలో పిలిచాడు. "మేం చచ్చేదాకా అక్కడే ఉందామనుకున్నావా, లేక మధ్యలో ఫూల్ తినడానికి వెళ్లావా?"

గోహర్ కాలు మీంచి కాలు కిందికి దిగింది. సార్జెంటు సంకెళ్లు తీశాడు.

అప్పుడే మెత్వల్లీ కదిలాడు. నీళ్లు కారుతున్న చేత్తో రగ్దా మణికట్టు పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆవిడ చెవి ఆనించి వింది. తలెత్తి సబ్రీ వైపు చూసిన చూపు చూసి అతను చప్పున లేచి నిలబడ్డాడు.

"ముగ్గురం దిగాం అంటున్నాడు."

మంచుగడ్డలు అందిస్తున్న బయ్యూమీ దగ్గరికొచ్చాడు.

"బఖీత్," అన్నాడు మెత్వల్లీ, ఈసారి అందరికీ వినబడేలా. "ఇటుకలు మోసేవాడు. వాణ్ణి తేవడానికి నేను మళ్లీ లోపలికెళ్లగానే పలక పడింది. వాడు వెనక్కి... లోపలికి పాక్కుంటూ పోయాడు, అవతలి దారి వెతుకుతానని. అవతలి దారి లేదు. పూడ్చేశారు. పిలిస్తే పలికాడు. తర్వాత పలకలేదు."

"నా దగ్గర బఖీత్ అనే పేరే లేదు," అంది రగ్దా. "అతనికి... నేను మాత్ర ఇవ్వలేదు. కాటా ఎక్కించలేదు."

బయ్యూమీ తల పట్టుకున్నాడు. "సూడాన్ మనిషి బాషా. రోజుకూలీ. మొన్ననే వచ్చాడు. డాక్టరమ్మ రాకముందే పొద్దున్నే లోపలికి దింపేస్తారు."

"అలాంటి పేరు గలవాడు ఈ ఫ్యాక్టరీలో ఎవడూ లేడు," అన్నాడు గోహర్, సంకెళ్లకి చేతులు చాపుతూనే. "గేటు దగ్గర అడుగు. ఎవణ్ణి అడిగినా అదే చెబుతాడు. లేనివాణ్ణి నేను చంపానని ఎలా రుజువు చేస్తావు సబ్రీ?"

సబ్రీ అతని మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. బకెట్టెత్తి తల మీంచి గుమ్మరించుకున్నాడు. తడిసిన గోనెపట్టా ఒకటి లాక్కుని భుజాల మీద వేసుకున్నాడు. వెళ్లొద్దని రగ్దా అంటుందనుకున్నాడు. ఆవిడ తన నడుమున ఉన్న పెట్టె విప్పి బల్ల మీద పడేసి, నీళ్ల క్యాన్ అతని చేతిలో పెట్టింది.

"ఇదిక పనికిరాదు. ఆయన దగ్గర నా నంబరు లేదు. పేరు పెట్టి పిలవండి. పది నిమిషాలు. ఆ తర్వాత నేనే వచ్చి ఈడ్చుకుపోతాను."

బయ్యూమీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

సొరంగంలో వేడి మళ్లీ మీద పడింది. మలుపు దగ్గర పలక కింద సందు ఇంకా తెరిచే ఉంది. బయ్యూమీ గొలుసు పట్టుకున్నాడు. సబ్రీ బూడిదలో బోర్లా పడుకుని, ఆ సందులోకి తల దూర్చాడు.

"బఖీత్!"

చీకటి. ఇటుకల చిటపట.

"బఖీత్! పోలీసులం! పలుకు నాయనా, ఒక్కసారి పలుకు!"

చాలా లోపల, ఎక్కడో గోడ అవతల, ఇటుక మీద ఇటుక తట్టిన చప్పుడు. ఒక్కసారి. ఆగి, మరోసారి.

సబ్రీ తల తిప్పి బయ్యూమీని చూశాడు. బయ్యూమీ అతన్ని చూడటం లేదు. పైకప్పు వైపు చూస్తున్నాడు. పైన కొలిమి దగ్గర సైరను మోగడం మొదలైంది.

"మంట పక్క మారుస్తున్నారు బాషా," అన్నాడు, గొలుసు మీద వేళ్లు బిగిస్తూ. "పొగని ఆపే పలక ఎత్తి ఉంది. ఈసారి పొగంతా ఇటే వస్తుంది."